‘ప’కీ ‘వ’కీ మధ్య

“గీత తెగింది” అన్నాడు పెద్దనాన్న.

బుల్లి వంగి చూసింది. బల్ల మీద పరిచిన కాగితం మీద అరచెయ్యంత ‘ప’ ఉంది. కుడివైపుకి వాలి ఉంది. కింది వంపు నిండుగా, నల్లగా, తడి ఇంకా ఆరనట్టుంది. అక్కణ్ణించి పైకి పోతూ పోతూ గీత సన్నబడి, వెంట్రుకంత అయి, తలకట్టుకి అందీ అందకుండా ఆగిపోయింది. ఆ వెంట్రుక ఎక్కడా తెగలేదు.

“ఎక్కడ పెద్దనాన్నా?”

“ఎక్కడంటావేమిటి, ఎదురుగా పెట్టుకుని? ఇదిగో.”

ఆయన వేలు పెట్టిన చోట తెల్ల కాగితం ఉంది. గీత ఆ వేలికి కాస్త ఎడంగా, తన దారిన తను పోతోంది.

“అక్కడ గీత ఉండదు కదా పెద్దనాన్నా. కాస్త పక్కన...”

“నాకు పాఠం చెప్పకు. సన్నం చేయమన్నాను గానీ మాయం చేయమనలేదు. అన్నిచోట్లా ఇంతే. ‘గ’ చూడు. ‘ల’ చూడు. నీ చెయ్యి ఈ మధ్య నిలకడగా లేదు.”

కిటికీ పక్కన స్క్రీన్ ముందు కూర్చున్న సందుబాబు తల తిప్పలేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత ఖాళీ వదలాలో చూడటం అతని పని. అందుకని ఆ గదిలో అతనికి ఆ పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు సొంత పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని పలకడు.

వాళ్ళు ముగ్గురూ కలిసి గీస్తున్నది ఒక నెలపత్రిక కోసం. ఖరీదైన బట్టలు, నగలు, వాచీలు, మనుషులు కాపురముంటారా అనిపించేంత శుభ్రమైన ఇళ్ళు ఆ పత్రిక నిండా ఉంటాయి. ముఖచిత్రం మీదికీ పెద్ద శీర్షికలకీ తమకంటూ ఒక ఫాంట్ కావాలన్నారు. అక్షరం వాలి ఉండాలి. లావు గీత బాగా లావుగా, సన్న గీత బాగా సన్నగా ఉండాలి. దూరం నుంచి చూసినవాళ్ళు ఆగి దగ్గరికి రావాలి. గుండ్రటి అక్షరాలను వాల్చితే తూలి పడబోయేవాళ్ళలా కనిపిస్తాయి. “అక్షరం వాలాలి, పడకూడదు” అని పెద్దనాన్న మొదటి రోజే చెప్పాడు. ఆ మాట పట్టుకునే బుల్లి ఒక్కొక్క అక్షరాన్నీ నిలబెట్టుకుంటూ వచ్చింది.

“లావు చేయి” అన్నాడు ఆయన.

“లావు చేస్తే ‘ప’లో సందు మూసుకుంటుంది పెద్దనాన్నా. అచ్చులో ఇంకు కొంచెం పాకుతుంది కూడాను. అప్పుడది ‘వ’ అయి కూర్చుంటుంది. పెద్దమ్మ పిల్లలకి చెప్పేది కదా, ‘ప’కి కిటికీ తీసి ఉంటుంది, ‘వ’కి మూసి ఉంటుంది అని...”

పెద్దమ్మ మాట ఎత్తకుండా ఉండాల్సింది. ఆయన పక్కన ఖాళీగా ఉన్న పేము కుర్చీ వైపు ఎవరూ చూడలేదు. ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు నేర్పి బడి అయ్యాక నేరుగా ఇక్కడికి వచ్చి, ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చునేది. భోజనం డబ్బా విప్పి ఆయనకి పెట్టి, ఆయన తింటున్నంతసేపూ ఆ రోజు ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని చెవిలో ఏదో ఒకటి చెబుతూనే ఉండేది. మాస్టారికి రోజూ రెండు డబ్బాలు, ఒకటి తినడానికి, ఒకటి వినడానికి అని సందుబాబు నవ్వేవాడు. ఎండలు ముదరక ముందే ఆవిడ పోయింది. కుర్చీ తీసేద్దామని ఎవరూ అనలేదు.

“మూసుకోదు” అన్నాడు పెద్దనాన్న. గొంతు అవసరానికి మించి పెరిగింది. “నేను చెబుతున్నానుగా. సాయంత్రానికి చేసి పంపించెయ్.”

ఆయన కాగితాన్ని ఆమె వైపు తోశాడు. బుల్లి వెళ్ళి తన చోట కూర్చుని ‘ప’ తెరిచింది. సన్న గీత అంచుల్ని పట్టుకుని కొద్దిగా బయటికి లాగింది. మెడ లావెక్కినట్టయి, అక్షరం ముఖంలో కళ తప్పింది. ‘గ’ లావు చేసింది. ‘ల’ లావు చేసింది. చేసినవి చూపించినప్పుడు ఆయన కాగితాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని, “ఆఁ, ఇప్పుడు వచ్చింది” అన్నాడు. ఆ మాటలో సంతోషం కంటే బరువు దించుకున్నట్టు ఉంది. అది ఆమె గమనించింది గానీ ఎందుకో ఆలోచించలేదు.

సాయంత్రం ఫైలు పత్రికకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పత్రిక ఆర్ట్ ఎడిటర్ తనే వచ్చింది. పొడుగాటి మనిషి, చెప్పుల చప్పుడు మెట్ల మీదే వినిపిస్తుంది. చంకలో మెరిసే కాగితం మీద అచ్చు వేసిన ముఖచిత్రం నమూనా ఉంది. కూర్చోమన్నా కూర్చోకుండా దాన్ని బల్ల మీద పరిచింది.

“మాస్టారూ, ఇది చదవండి.”

పెద్దనాన్న కళ్ళజోడు సర్దుకున్నాడు. చదవలేదు. “చెప్పండి మేడమ్.”

“మేం ఈ నెల పగటి పూట వేసుకునే బట్టల మీద సంచిక తెస్తున్నాం. ‘పగలు’ అని ఒకే ఒక్క మాట, పేజీకి అడ్డంగా. మీరేమో ‘వగలు’ అని వేశారు. మా ఆఫీసులో పొద్దుటి నుంచీ ఇదే వేళాకోళం. వగలాడి సంచిక ఎప్పుడొస్తుంది మేడమ్ అని ఫోన్ల దగ్గర కూర్చునే అమ్మాయి కూడా అడుగుతోంది.”

సందుబాబు నవ్వు ఆపుకోవడానికి నీళ్ళు తాగాడు. బుల్లి నమూనా వైపు చూసింది. తను చెప్పినట్టే అయింది. ఇంకు పాకి, కిటికీ మూసుకుపోయి, ఎర్ర గౌను వేసుకున్న అమ్మాయి తల మీద నిలువెత్తు ‘వ’ ఒళ్ళు విరుచుకుంటోంది.

“వగ అంటే దుఃఖం అని కూడా అర్థం ఉంది మేడమ్” అన్నాడు పెద్దనాన్న, ఎటో చూస్తూ. “పాత పుస్తకాల్లో ఉంటుంది.”

“మా పాఠకులు పాత పుస్తకాలు చదవరు మాస్టారూ. వాళ్ళు చదివేదే తక్కువ. ఉన్న ఒక్క మాటా సరిగ్గా ఉండాలి.” ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది. “మొదటిసారి పంపిన దాంట్లో గీతలు ఎంత బాగున్నాయి! గాలి ఊదితే ఎగిరిపోతాయేమో అన్నట్టు. వాటిని ఎందుకు లావు చేశారు?”

సమాధానం ఆయన దగ్గర నుంచి వస్తుందని బుల్లి ఎదురుచూసింది.

“మా పిల్ల తొందరపడింది” అన్నాడు పెద్దనాన్న. “నేను చూడకముందే పంపేసింది.”

బుల్లికి మొదట ఆ మాట ఎవరి గురించో అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. ఆర్ట్ ఎడిటర్ ఆమె వైపు తిరిగి, ఏదో అనబోయి, మర్యాదకి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

“ఇకనుంచి ఇది సందుబాబు చూస్తాడు” అన్నాడు పెద్దనాన్న. “నాలుగు రోజులు ఆగండి. కొత్త ప్రూఫు నేనే తెచ్చి మీ చేతికిస్తాను.”

ఆవిడ వెళ్ళిపోయాక పెద్దనాన్న తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. బుల్లి తన కప్పు తీసుకుని కుళాయి దగ్గరికి పోయింది. కప్పు శుభ్రంగానే ఉంది. అయినా కడిగింది. మళ్ళీ కడిగింది.

సందుబాబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

“అక్కా, నాకు సందులు తెలుసు గానీ గీతలు ఎక్కడ తెలుసు? నన్నెందుకు ఇరికిస్తాడు ఆయన?”

“లావు చేయమన్నది ఎవరో నువ్వు విన్నావా లేదా?”

“విన్నా.”

“మరి అప్పుడు నోరెందుకు పెగల్లేదు?”

“నేను నా సందులో నేనుంటా అక్కా. ఇద్దరు పిల్లలున్నవాణ్ణి.” తల గోక్కున్నాడు. “ఫైలు నీ దగ్గరే పెట్టుకో. నువ్వు చేసి నాకియ్యి, నేను చేసినట్టు ఆయనకి ఇస్తా. మొత్తానికి నా పేరు చెడకుండా చూడు.”

బుల్లికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ ఆపుకుని కుళాయి కట్టేసింది.

సెలవురోజు పొద్దున ఆమె పెద్దనాన్న ఇంటికి వెళ్ళింది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. అంత గట్టిగా ఎందుకన్నారు అని మొదలుపెట్టాలా, పరాయి మనిషి ముందు అబద్ధం ఎందుకాడారు అని నేరుగా అడగాలా అని. తలుపు తీసిన మనిషిని చూశాక కూర్చుకున్నవి చెదిరిపోయాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. గడ్డం సగం గీసి ఉంది. చెవి కింద తెల్ల వెంట్రుకలు ఒక పాయగా మిగిలిపోయాయి.

“బుల్లీ! రా, రా. టీ పెడతాను.”

“నేను పెడతాలెండి పెద్దనాన్నా.”

“కూర్చోవే. ఇంటికొచ్చినదానివి. టీ కూడా పెట్టలేననుకున్నావా?”

ఆమె వంటింటి గుమ్మంలో నిలబడింది. గట్టు తెల్ల రాయి. దాని మీద తెల్ల కప్పులు. ఆయన చెయ్యి గట్టు మీద చదునుగా జరుగుతూ పోయి ఒక కప్పుకి తగిలి ఆగింది. రెండో కప్పు ఎదురుగానే ఉంది. దాని పక్కనుంచే చెయ్యి వెళ్ళిపోయింది. అటు వెతికి, ఇటు వెతికి, “ఇక్కడే పెట్టానే” అని గొణుక్కుని, పైనున్న అలమర్లోంచి నీలం గాజు గ్లాసు తీశాడు. టీ వంచేటప్పుడు చూపుడువేలు కప్పు అంచు లోపలికి పెట్టాడు. వేడి వేలికి తగలగానే ఆపాడు. అది ఎంత అలవాటుగా చేశాడంటే, వేలు కాలినట్టు కూడా ముఖంలో కనపడలేదు.

ముందుగదిలో బల్ల మీద పెద్దమ్మ ముదురు రంగు శాలువా పరిచి ఉంది. పళ్ళెమైనా గ్లాసైనా దాని మీదే పెడుతున్నాడు. మూలన వార్తాపత్రికలు ఒకదాని మీద ఒకటి, వచ్చినవి వచ్చినట్టే చుట్టి, రబ్బరు బ్యాండు తీయకుండా పేర్చి ఉన్నాయి.

బుల్లి టీ తాగుతూ ఆ కట్టల వైపు చూస్తూ కూర్చుంది. నల్ల మీద తెలుపు ఆయనకి తెలుస్తోంది. తెలుపు మీద తెలుపు తెలియడం లేదు. తెలుపు మీద వెంట్రుక ఎలా తెలుస్తుంది? పెద్దమ్మ ప్రూఫులు ఒళ్ళో పెట్టుకుని ఆయన చెవి దగ్గరికి ఒంగడం కళ్ళ ముందుకు వచ్చింది. తినండి, తినండి అంటూనే మధ్యలో ‘ఇదిగో ఈ ‘శ’ మెడ దగ్గర కాస్త’ అనేది. ఆయన ముద్ద మింగి, గట్టిగా, గదికంతా వినపడేలా, “ఆ ‘శ’ మెడ దగ్గర చూడండర్రా” అనేవాడు. పెద్దాయన కన్ను ఎంత నిశితమో అని తనూ సందుబాబూ ఆశ్చర్యపోయేవాళ్ళు.

జాలి వెంటనే రాలేదు. ముందు కోపమే వచ్చింది. అంటే తెలుసు. గీత తెగలేదనీ, తనకే కనపడటం లేదనీ ఈయనకి తెలుసు. తెలిసే, ఆ మచ్చ తెచ్చి తన చేతికి పూశాడు.

“ఈ మధ్య ఆఫీసులో దీపాలు సరిగ్గా లేవు” అన్నాడు ఆయన. మళ్ళీ తనే, “దీపాలనేం లేదులే” అన్నాడు.

బుల్లి గ్లాసుని శాలువా మీద పెట్టింది.

“మీ పెద్దమ్మ ఉన్నప్పుడు...” అని ఆగాడు. శాలువా అంచుని వేళ్ళతో మడత పెట్టాడు, విప్పాడు. “బుల్లీ, మొన్న ఆ మేడమ్ ముందు నేను...”

అడగడానికి వచ్చింది అదే. ఆయనే ఎత్తుకున్నాడు. ఒక్క క్షణం ఆగితే చాలు. కానీ ఆగితే ఈ నాలుగు గోడల మధ్య క్షమించేయాల్సి వస్తుందని ఆమెకి తోచింది. అన్నది నలుగురిలో, మన్నించమనడం మాత్రం ఇంట్లోనా?

“నాకు పనుంది పెద్దనాన్నా. వెళ్ళాలి” అంది, లేచి.

“టీ చల్లారనైనా చల్లారలేదే.”

“తాగేశాను.”

ఆయన గ్లాసు వైపు చూశాడు. సగానికి పైగా ఉంది. నీలం గాజు కాబట్టి అది ఆయనకి కనపడే ఉంటుంది.

మర్నాడు ఆఫీసులో పెద్దనాన్న ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. “రేపు మేడమ్ దగ్గరికి వెళుతున్నాను. నువ్వూ రా. కాగితాలు నువ్వు పట్టుకో” అని, ఇంకేమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.

మోయడానికి మనిషి కావాలి కాబోలు అనుకుంది బుల్లి.

సందుబాబు అన్న మాట ప్రకారం తన కుర్చీ ఆమె వైపు తోసి, చేతులు కట్టుకుని కాపలా వాడిలా నిలబడ్డాడు. మొదట ఆమె అసలు పని చేసింది. లావు చేసిన గీతలన్నిటినీ తిరిగి సన్నం చేసింది. ‘ప’ తలకట్టుని వాలు వెంబడే పిసరంత పైకి జరిపి, సందుని పెంచింది. ఇంకు ఎంత పాకినా ఇక కిటికీ మూసుకోదు. ‘పగలు’ అని టైపు చేసి చూసుకుంది. నాలుగు రోజుల తరవాత అక్షరం మళ్ళీ ఊపిరి తీసుకున్నట్టుంది. కాగితం మీద అచ్చు తీసి పక్కన పెట్టింది.

తరవాత ఇంకో ఫైలు తెరిచింది. అదే మాట. ఈసారి ‘ప’ మెడ దగ్గర వెంట్రుకని పట్టుకుని తీసేసింది. తలకట్టులో సన్న భాగం తీసేసింది. ‘గ’ కొస తీసేసింది. ‘ల’ చుట్టు తిరిగే చోట సన్నబడిన మేరా కత్తిరించింది. చివరికి ‘లు’ తోక దగ్గర కాస్త ఆగి, అదీ తీసేసింది. మిగిలినవి నల్లటి ముక్కలు. వాలి, బరువుగా, ఒకదానికొకటి అంటకుండా, కాలిన కాగితం తునకల్లా ఉన్నాయి.

“ఇదేంటక్కా, అక్షరాలకి అస్థిపంజరాలా?” అన్నాడు సందుబాబు.

“కాదు. అస్థిపంజరం తీసేస్తే మిగిలింది.”

“దీన్నేం చేస్తావు?”

ఆమె స్క్రీన్ దగ్గరికి ఒంగింది. ఆ తునకల వైపే చూస్తోంది. ఈ ఫాంట్ అంతా ఆయనకి ఇలాగే కనపడుతోందా? రోజూ పొద్దున్న వచ్చి కూర్చుని, వీటిని ముందేసుకుని, అందరూ చూస్తుండగా బాగుందనో బాగాలేదనో చెప్పాలి కదా. ఒక్క క్షణం కాగితాన్ని ఉండ చుట్టేద్దామనుకుంది. మా పిల్ల తొందరపడింది అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. అదీ అచ్చు తీసి, అసలు కాగితంతో పాటు సంచిలో పెట్టుకుంది.

మర్నాడు చలి పొద్దున ఇద్దరూ బయల్దేరారు. పత్రిక ఆఫీసు రెండో అంతస్తులో ఉంది. లిఫ్ట్ ఎందుకులే, నడుద్దాం అన్నాడు పెద్దనాన్న. మెట్లెక్కేటప్పుడు గోడకి భుజం ఆనించుకుని, ప్రతి మెట్టునీ పాదంతో తడిమి ఎక్కాడు. ఆర్ట్ ఎడిటర్ గదిలో ఒక గోడంతా అద్దాల కిటికీ. వెలుగు వరదలా ఉంది. ఆ వెలుగులో ఆయన కళ్ళు చిట్లించుకున్నాడు.

“ఏం మాస్టారూ, ఈసారైనా పగలా, వగలేనా?” అంది ఆవిడ నవ్వుతూ.

“చూసి మీరే చెప్పండి” అని, బుల్లి వైపు చెయ్యి చాచాడు.

సంచిలో రెండు కాగితాలున్నాయి. బుల్లి వేళ్ళకి రెండూ తెలుస్తూనే ఉన్నాయి. ముక్కలున్న కాగితం తీసి ఆయన ముందు పరిచింది. ఆవిడకీ కనపడేలా, బల్ల మధ్యగా.

ఇప్పుడు అంటాడు గీతలు తెగాయని. లేదా అసలేమీ తెలియక తడబడతాడు. ఎలాగైనా ఈవిడ చూస్తుంది. తను ఒక్క మాట కూడా అనక్కర్లేదు.

పెద్దనాన్న కాగితం మీదికి ఒంగాడు. చాలాసేపు చూశాడు. వేలు పెట్టలేదు. తల పైకెత్తి, ఆర్ట్ ఎడిటర్ ఉన్న వైపు తిరిగి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

“మేడమ్, ముందు ఒక మాట చెప్పుకోవాలి. మొన్న మీతో నేను అన్నది నిజం కాదు. గీతలు లావు చేయమన్నది నేనే. వద్దు పెద్దనాన్నా, ‘ప’ పోయి ‘వ’ అవుతుంది అని పిల్ల చెబుతూనే ఉంది. వినలేదు. పైగా తప్పు దాని మీదికి నెట్టాను.”

“అయ్యో, దానికేముంది మాస్టారూ...” అంటూనే ఆవిడ కాగితం వైపు చూసింది. మాట మధ్యలో నిలిచిపోయింది.

“ఉంది. ఆ మాట మీ ఎదుట అన్నాను కాబట్టి మీ ఎదుటే వెనక్కి తీసుకోవాలి. అందుకే దాన్ని వెంటబెట్టుకొచ్చాను.” ఆయన అరచెయ్యి కాగితం మీద ఆనించాడు, ‘ప’ ఉండాల్సిన చోట. “ఇప్పుడు చూడండి. ఈ సన్న గీతలు చూడండి. ‘ప’ మెడ చూడండి, దారం లాగి వదిలినట్టు లేదూ? ఇది నా చెయ్యి కాదు. మా బుల్లి చెయ్యి. ఈ ఫాంట్ ఎవరు గీశారని పత్రికలో వేసే చోట దాని పేరు వెయ్యండి. నా పేరు వద్దు.”

ఆయన అరచేతి కింద గీత ఒక్కటీ లేదు.

ఆర్ట్ ఎడిటర్ కాగితాన్ని చూసింది. ఆయన ముఖాన్ని చూసింది. తరవాత బుల్లిని చూసింది. ఆ చూపులో మొదట ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నకి జవాబు దొరకడం కూడా బుల్లికి కనపడింది.

“తప్పు కాగితం మేడమ్” అంది బుల్లి. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. “ప్రింటర్లో ఏదో... సగమే పడింది. చూసుకోకుండా తెచ్చాను. అసలుది ఇది.”

ఆయన చేతి కిందనుంచి కాగితం లాగి, రెండోది పెట్టింది. పెద్దనాన్న చెయ్యి గాలిలో ఒక క్షణం అలాగే ఉండి, ఒళ్ళోకి వచ్చేసింది.

ఆర్ట్ ఎడిటర్ రెండో కాగితాన్ని చేతిలోకి తీసుకుని అద్దం దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు అటు తిరిగే నిలబడింది. “బాగుంది” అంది. “ఇదే కావాలి నాకు. ‘ప’ చాలా బాగుంది.” వెనక్కి తిరిగాక ఆవిడ నవ్వు మారిపోయింది. పెద్దనాన్న దగ్గరికి వచ్చి, కొంచెం ఒంగి, ఒక్కొక్క మాటే విడదీసి, మామూలు కంటే గట్టిగా, “మాస్టారూ, చాలా, చాలా బాగా వచ్చింది” అంది. జ్వరంలో ఉన్నవాళ్ళతో మాట్లాడినట్టు. తరవాత బుల్లితో, మళ్ళీ మామూలు గొంతుతో, “ఇకనుంచి మీరే వచ్చి ఇచ్చేయండి. మాస్టారికి శ్రమ ఎందుకు” అంది.

“అలాగే” అన్నాడు పెద్దనాన్న, బుల్లి నోరు తెరవక ముందే. “అదే మంచిది.”

బయట వసారాలో ఎవరూ లేరు. ఎక్కడో ఫోను మోగి ఆగిపోయింది. పెద్దనాన్న మెట్ల దాకా నడిచి, పై మెట్టు దగ్గర ఆగాడు. కింద దాకా ఒకటే తెల్ల రాయి. మెట్ల పక్క కిటికీలోంచి వచ్చే వెలుగు దాని మీద పడి, మెట్టేదో అంచేదో కలిపేసింది.

“మొదట పెట్టిన దాంట్లో ఏముంది?” అన్నాడు.

బుల్లి సంచి పట్టీని పిడికిట్లో బిగించుకుంది. ప్రింటర్ అని మళ్ళీ అనవచ్చు. ఆయన నమ్మినట్టు ఊరుకుంటాడు కూడా.

“సన్న గీతలు తీసేశాను పెద్దనాన్నా.”

“ప్రింటర్ తీయలేదూ?”

“లేదు. నేనే తీశాను.”

“అన్నీనా?”

“అన్నీ.”

ఆయన తల ఊపాడు. కోపం వస్తుందేమోనని చూసింది. వస్తే బాగుండుననుకుంది. ఆయన ముఖం మామూలుగానే ఉంది. ఎదురుగా ఉన్న వెలుగులోకి చూస్తూ, పిల్లలు లెక్క ఎక్కడ తప్పిందో చూసుకున్నట్టు, నెమ్మదిగా ఆలోచిస్తున్నాడు.

“ఇంట్లో అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదే” అన్నాడు.

ఆయన చెప్పబోయాడు, చెప్పనివ్వనిది తనే. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆమె దగ్గరగా వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకోబోయింది. ఆయన చేతిని మెల్లిగా వెనక్కి తీసుకున్నాడు. విదిలించుకోలేదు, తీసుకున్నాడంతే.

“వద్దు. నువ్వు ముందు దిగు” అన్నాడు. “నీ నల్ల స్వెట్టర్ నాకు కనపడుతుంది. అది చూసుకుంటూ వస్తాను. మరీ తొందరగా పోకు.”

చిన్నప్పటి నుంచీ ఏ వీధిలోనైనా, ఏ మెట్ల మీదైనా ఆయనే ముందు నడిచేవాడు. బుల్లి ఒక మెట్టు దిగి ఆగింది. వెనక చెప్పు అడుగు రాతి అంచుని వెతుక్కుంటున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూడలేదు. ఆ అడుగు పూర్తిగా ఆనేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు రెండో మెట్టు దిగింది.